కాశీలో వదిలిన రొయ్య

"అమ్మా, ఈసారి రొయ్యలు కాల్చి పెట్టవా?" అన్నాడు మా అబ్బాయి, బెంగళూరు నుంచి వచ్చీ రాగానే బ్యాగు కూడా దించకుండా.

ఇగురు కాదట. వేపుడు కాదట. గోంగూరలో వేసింది అంతకన్నా కాదట. కాల్చినవి. స్నేహితులతో ఎక్కడో సముద్రం ఒడ్డున హోటల్లో తిన్నాడట. మసాలా పట్టించి, పుల్లకి గుచ్చి, నిప్పుల మీద కాల్చి, పక్కన నిమ్మచెక్క పెట్టి ఇచ్చారట. ఆరంటే ఆరు రొయ్యలకి తీసుకున్న డబ్బెంతో చెప్పేసరికి మావారు నోరు తెరిచేశారు. "ఒరేయ్, ఆ డబ్బుకి ఇక్కడ ఫిషింగ్ హార్బరులో కిలో వస్తాయిరా!" అన్నారు.

సరే, కిలో తెచ్చారు. వండాల్సింది నేను.

విశాఖలో పాతికేళ్లుగా ఉంటూ, అందులోనూ పశ్చిమ గోదావరి ఆడపడుచునై ఉండి రొయ్యలు చేతకాదంటే ఎవరైనా నవ్వుతారు. కానీ దాచడం ఎందుకు? మా ఇంట్లో రొయ్య వండటం చాలా తక్కువ. ఎవరైనా ఇస్తే ఇగురు పెడతాను. నా అంతట నేను కోరి తెప్పించింది లేదు. దానికో కారణం ఉంది. అది తర్వాత చెబుతాను. ముందు నేను చేసిన ఘనకార్యం చెప్పనివ్వండి.

చికెన్ కాల్చే ముందు రాత్రంతా నానబెడతాం కదా, ఇదీ అంతే అనుకున్నాను. రొయ్యలు ఒలిచి, పెరుగు, అల్లంవెల్లుల్లి ముద్ద, కారం, గరంమసాలా వేసి, పైనుంచి రెండు నిమ్మకాయలు ధారాళంగా పిండి, రాత్రే ఫ్రిజ్‌లో పెట్టేశాను. పొద్దున్న మూత తీస్తే రొయ్యలు పొయ్యెక్కకుండానే తెల్లగా పాలిపోయి ఉన్నాయి. అయినా అనుమానం రాలేదు. పెనం మీద పరిచి, పచ్చివాసన పోవాలని పావుగంట సేపు అటూ ఇటూ తిప్పాను. తిన్నవాళ్ల సంగతి చెప్పాలా? పైన పిండిపిండిగా, లోపల సాగుతూ! మా అబ్బాయి పాపం మర్యాదస్తుడు. రెండు తిని, "మసాలా బావుందమ్మా" అన్నాడు. మావారికి ఆ మొహమాటం లేదు. "స్కూల్లో పిల్లలకిచ్చే రబ్బరు ఇలాగే ఉంటుందా?" అన్నారు.

నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పే టీచర్ని. నిమ్మరసంలోని పులుపు మాంసకృత్తుల్ని మార్చేస్తుందనీ, నిప్పు చేసే పనిని కొంతవరకు అదే చేస్తుందనీ బోర్డు మీద రాసి మరీ చెబుతాను. రొయ్య కండ మేక కండలాంటిది కాదు, చాలా సున్నితం. పులుపులో అరగంట చాలు, రాత్రంతా ఉంచితే పాడవుతుంది. ఇదంతా తెలుసు. తెలిసిన చదువు వంటింట్లోకి ఎందుకు రాలేదో మాత్రం తెలియదు.

ఆ మాటకొస్తే, రొయ్య దగ్గర నా చదువు నన్ను మోసం చెయ్యడం అది మొదటిసారి కాదు.

* * *

మాది భీమవరం దగ్గర పల్లెటూరు. కొల్లేటి నీళ్లు సముద్రంలోకి మోసుకుపోయే ఉప్పుటేరు మాకు కూతవేటు దూరం. నా చిన్నప్పుడు రొయ్య అంటే డబ్బు పెట్టి కొనే వస్తువు కాదు. కాలవలో గంపతో దేవుకొచ్చేవాళ్లు. మా నాన్న తల్లిని మేం మామ్మ అనేవాళ్లం. సాయంత్రం కుంపటి మీద పాలు కాగడం అయిపోయాక, మిగిలిన నిప్పుల మీద ఆవిడ రొయ్యలు కాల్చేది. ఉప్పు, పసుపు, కాస్త కారం పులిమి, కొబ్బరి ఈనెకి నాలుగేసి గుచ్చి నిప్పుల మీద అలా చూపించి తీసేది. మేం నలుగురం పిల్లలం చుట్టూ కూర్చుని ఈనె చివర ఊదుకుంటూ తినేవాళ్లం.

తర్వాత తొంభైల్లో రొయ్య మా కోస్తా దేశానికి బంగారమైంది. మీలో చాలామందికి ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. వరి చేలు రాత్రికి రాత్రి చెరువులైపోయాయి. ప్రొక్లెయినర్లు తవ్విన మట్టి గట్లు, గట్ల మీద పాకలు, డీజిల్ ఇంజన్ల చప్పుడు. టైగరు రొయ్య ఎగుమతి చేస్తే ఎకరం వరిలో పదేళ్లకి రానిది నాలుగైదు నెలల్లో వస్తుందని చెప్పుకునేవాళ్లు. వచ్చినవాళ్లకి వచ్చింది కూడా. మా వీధిలో ఒకాయన కారు కొన్నాడు. ఇంకొకాయన కూతురి పెళ్లి ఐదు రోజులు చేశాడు.

మా నాన్న మొదట వద్దన్నాడు. "వరి పండే నేలలో ఉప్పునీళ్లు పెడితే ఆ నేల మళ్లీ మన మాట వినదు" అనేవాడు. ఆయన చేత చెరువు తవ్వించినదాన్ని నేను. అప్పుడు నేను భీమవరంలో డిగ్రీ చదువుతున్నాను. బీఎస్సీ, అందులో జువాలజీ. సీడు అమ్మేవాళ్లు, మేత అమ్మేవాళ్లు ఇచ్చిన కాగితాలన్నీ ఇంగ్లిషులో ఉండేవి. నేనే చదివి, తెలుగులో చెప్పేదాన్ని. ఎకరానికి ఎన్ని పిల్లలు, రోజుకి ఎంత మేత, ఎన్ని రోజులకి ఎంత బరువు అని లెక్కలు కట్టి చూపించాను. "నాన్నా, ఇందులో తప్పు పోవడానికి ఏమీ లేదు" అన్న మాట కూడా అన్నాను. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

సొంత రెండెకరాలు, లీజుకి తీసుకున్న మూడెకరాలు. 1993లో మొదటి పంట. దేవుడి దయవల్ల బాగా వచ్చింది. పెంకుటిల్లు తీసేసి స్లాబు వేశారు. మీద ఇంకో అంతస్తు వెయ్యాలని స్తంభాల ఊచలు పైకి వదిలిపెట్టారు. "వచ్చే పంటకి మేడ" అన్నాడు నాన్న. "ఆ పైపంటకి అమ్మడి ఎమ్మెస్సీ. విశాఖపట్నంలో హాస్టల్లో పెట్టి చదివిస్తా" అన్నాడు. మా ఊళ్లో అప్పటికి ఎమ్మెస్సీ చదివిన ఆడపిల్ల లేదు.

చెరువు దగ్గర నాకు ఒక ఉద్యోగం ఉండేది. చెక్ ట్రే చూడటం. తెలియనివాళ్ల కోసం చెబుతాను. చెరువు అడుగున రొయ్య ఎంత తింటోందో పైనుంచి చూస్తే తెలియదు. అందుకని ఒక పళ్లెంలాంటి వలలో కొంచెం మేత వేసి నీళ్లలో దించుతారు. రెండు గంటలు పోయాక పైకి లాగి చూస్తారు. మేత అయిపోతే రొయ్య ఆరోగ్యంగా ఉన్నట్టు. మిగిలిపోతే ఏదో తేడా ఉన్నట్టు. శని ఆదివారాల్లో ఆ పని నాది. ట్రే లాగి, మేత మిగిలిందా లేదా, రొయ్య పెంకు ఎలా ఉంది, పేగు నిండుగా ఉందా ఖాళీగా ఉందా అని ఒక నోటుపుస్తకంలో రాసేదాన్ని.

1994 చివర్లో ఒక ఆదివారం పొద్దున్న ట్రే లాగితే మేత సగానికి సగం అలాగే ఉంది. రెండు రొయ్యలు ట్రేలో ఉన్నా, ఎగిరి పడే రొయ్యలు, చెయ్యి పెట్టినా కదల్లేదు.

ఆ రోజు స్నేహితురాళ్లతో కలిసి భీమవరంలో మ్యాట్నీకి వెళ్లాలని వారం ముందు నుంచీ అనుకున్నాం. ఈ సంగతి చెబితే నాన్న కదలనివ్వడు. నీళ్లు పరీక్ష చెయ్యాలంటాడు, సున్నం చల్లాలంటాడు. పుస్తకంలో "మేత పూర్తి" అని రాసి, ట్రే కడిగి దించేసి, సినిమాకి వెళ్లిపోయాను.

సోమవారం తెల్లారేసరికి గట్ల మీద కాకులు, కొంగలు. చెరువుల ప్రాంతం వాళ్లకి ఆ దృశ్యం అర్థం చెప్పక్కర్లేదు. జబ్బుచేసిన రొయ్యలు అడుగున ఉండలేక గట్టు వారకి వచ్చేస్తాయి. పక్షులకి మనకంటే ముందే తెలిసిపోతుంది. రొయ్య ఒళ్లంతా ఎర్రబారి, తల పెంకు లోపల సుద్దముక్కతో చుక్కలు పెట్టినట్టు తెల్లమచ్చలు. తెల్లమచ్చ వైరస్. ఆ ఏడాదీ మరుసటి ఏడాదీ మన తీరమంతా చెరువుల్ని ఊడ్చిపెట్టేసిన జబ్బు అదే. దానికి అప్పుడూ మందు లేదు, ఇప్పటికీ లేదు. వచ్చాక కాపాడుకోవడం అంటూ ఉండదు, దొరికినంత పట్టి అమ్ముకోవడమే. పట్టేశారు. ఇంకా ఎదగని రొయ్య, అందరూ ఒకేసారి పట్టడంతో ధర లేదు. ఐస్ పెట్టెల ఖర్చు కూడా రాలేదు.

ఆ సాయంత్రం ఒక బేసిను నిండా రొయ్యలు ఇంటికి వచ్చాయి. ఆ వైరస్ మనుషులకి సోకదు. నాకు తెలుసు, నేనే చెప్పాను. అమ్మ ఏమీ మాట్లాడకుండా ఇగురు పెట్టింది. నాన్న కంచం ముందు కూర్చున్నాడు, ముద్ద కలిపాడు, చెయ్యి కడిగేసుకుని లేచిపోయాడు.

అంతే. ఆ తర్వాత ఆ ఇంట్లో రొయ్య వండలేదు.

* * *

1995లో నాకు ఎమ్మెస్సీ సీటు వచ్చింది. కార్డు వచ్చిన రోజున నాన్న ఊళ్లో లేడు, అప్పులవాళ్ల దగ్గరికి వెళ్లాడు. కార్డు పెట్టెలో పెట్టేశాను. ఆయన వచ్చాక, "నాకు బీఈడీ చెయ్యాలని ఉంది నాన్నా, ఏడాదిలో అయిపోతుంది" అన్నాను. ఆయన నా మొహం వంక చూసి, "సరేనమ్మా" అన్నాడు. రెండెకరాల్లో ఒక ఎకరం అమ్మేశారు. మిగిలిన ఎకరం మళ్లీ వరికి రావడానికి కొన్నేళ్లు పట్టింది. మేడ లేవలేదు. స్లాబు మీద ఊచలు తుప్పు పట్టి ఇప్పటికీ అలాగే ఉన్నాయి. అమ్మ వాటికి దండెం కట్టి బట్టలు ఆరేస్తుంది.

నాకేం లోటు జరగలేదు. బీఈడీ చేశాను, మంచివాడితో పెళ్లయింది, ఉద్యోగం వచ్చింది. వేల మంది పిల్లలకి పాఠం చెప్పాను. అందులో ఎమ్మెస్సీలు చేసినవాళ్లు, డాక్టర్లయినవాళ్లు ఉన్నారు. కానీ "మేత పూర్తి" అన్న ఆ రెండు మాటలు మాత్రం ఎవరికీ చెప్పలేదు. అమ్మకీ, మావారికీ కూడా. ఆ ఆదివారమే చెప్పి ఉంటే ఒక్కరోజు ముందు పట్టేవాళ్లం. ఒక్కరోజు ముందు పడితే కనీసం ఆ ఎకరం నిలిచేదేమో. ఈ లెక్క నేను ముప్పై ఏళ్లుగా కడుతూనే ఉన్నాను.

1998లో మామ్మ పోయింది. అస్థికలు కలపడానికి నాన్న కాశీ వెళ్లాడు. కాశీకి వెళితే ఇష్టమైన కాయో పండో వదిలిపెట్టి రావాలంటారు కదా. మనవాళ్ల తెలివితేటలు మీకు తెలియనివి కావు. సగం మంది ఎప్పుడూ తినని కాకరకాయని వదిలేసి వస్తారు. నాన్న పొట్లకాయ వదిలానన్నాడు. ఆయనకి పొట్లకాయంటే మొదట్నుంచీ పడదు. ఇంట్లో అందరం నవ్వుకున్నాం.

* * *

నేను రబ్బరు రొయ్యలు చేసిన మర్నాడే అమ్మా నాన్నా వచ్చారు. నాన్నకి డెబ్భై ఆరు. శుక్లాల ఆపరేషన్ వారంలో ఉంది. కళ్ల ముందు అంతా పొగమంచులా ఉంటోందన్నాడు. మా అబ్బాయికి వాళ్ల తాతయ్యంటే ప్రాణం. నా వంట సంగతి వాడు దాస్తాడేమోననుకున్నాను. వచ్చిన పావుగంటలో మొత్తం చెప్పేశాడు.

నాన్న నవ్వలేదు. "ఎంతసేపు నానబెట్టావమ్మా?" అన్నాడు.

"రాత్రంతా."

"రొయ్యకి రాత్రి ఉండదు" అన్నాడు. ముప్పై ఏళ్లలో ఆయన నోట రొయ్య అన్న మాట వినడం నాకదే మొదటిసారి. అమ్మ కూడా చప్పున తలెత్తి చూసింది.

మా అబ్బాయి వదిలిపెట్టలేదు. "తాతయ్యా, నువ్వు నేర్పు" అన్నాడు. మర్నాడు పొద్దున్నే మావారితో హార్బరుకి వెళ్లి రొయ్యలు తెచ్చాడు. అమ్మ ఎప్పుడో ఇచ్చిన ఇనప కుంపటి అటక మీద నుంచి దించాం. బొగ్గులు, ఎండిన కొబ్బరి చిప్పలు పట్టుకుని మేడమీదకి చేరాం. (ఒక మాట: బొగ్గుల కుంపటి తలుపులు మూసిన గదిలో ఎప్పుడూ పెట్టకండి. ఆ పొగలో ప్రాణం తీసే విషవాయువు ఉంటుంది. ఆరుబయటే చెయ్యాలి.)

నాన్న రొయ్యని చేత్తో పట్టుకుని వేలితో నిమిరాడు. "టైగరు కాదు, వనామీ. పెంకు పల్చన" అన్నాడు. నిజమే. 2009లో మన దేశంలో వనామీ పెంపకానికి అనుమతి ఇచ్చాక టైగరు వెనక్కి పోయింది. ఎక్కడో లాటిన్ అమెరికా పసిఫిక్ తీరానిది మన చెరువుల్లో స్థిరపడిపోయింది. నాన్న చెరువు మానేసిన పదిహేనేళ్లకి వచ్చిన రొయ్యని ఆయన చూపు లేకుండా ఎలా గుర్తుపట్టాడా అని నేను ఆశ్చర్యపోయాను. తక్కెడలో వేసినట్టు అరచేతిలో ఆడించి, "ముప్పై కౌంటు చెప్పి ఉంటాడు, ఇవి ముప్పై అయిదుంటాయి" అన్నాడు. కౌంటు అంటే కిలోకి ఎన్ని తూగుతాయన్న లెక్క. కౌంటు తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, ధర ఎక్కువ. మా అబ్బాయి లెక్కపెట్టాడు. ముప్పై నాలుగు.

ఇక ఆయన చెబుతుంటే నేను చేశాను. మీకూ పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

కిలో రొయ్యలు తెస్తే తల, పెంకు పోగా సగం పైచిలుకు మిగులుతుంది. తోక మీది పెంకు ఉంచేస్తే పట్టుకోవడానికి బావుంటుంది. వీపు మీద చాకుతో సన్నగా గీసి, నల్లటి దారంలాంటి పేగు లాగెయ్యాలి. చిటికెడు పసుపు, ఉప్పు వేసి కడిగి, నీళ్లు పూర్తిగా ఓడ్చి, పొడిగుడ్డతో అద్దాలి. "నీళ్లున్న రొయ్య కాలదు, ఉడుకుతుంది" అన్నాడు నాన్న. నేను మొదటిసారి చేసిన సగం తప్పు అదే.

నానబెట్టడం రెండు విడతలు. ముందు ఒక చెంచా ఉప్పు, అరచెంచా పసుపు, చెంచాన్నర అల్లంవెల్లుల్లి ముద్ద, రెండు చెంచాల కారం, ఒక చెంచా ధనియాల పొడి, అరచెంచా మిరియాల పొడి, రెండు చెంచాల నూనె కలిపి పట్టించి అరగంట ఫ్రిజ్‌లో ఉంచాలి. పెరుగు వేసుకోవాలంటే గుడ్డలో కట్టి నీరు కార్చిన గట్టి పెరుగు రెండు చెంచాలు మించకూడదు. నిమ్మరసం మాత్రం పుల్లకి గుచ్చే ముందు అరచెక్క. మిగతా అరచెక్క కాల్చి దించాక. పచ్చి బొప్పాయి ముద్ద జోలికి అసలు పోవద్దు. ముదురు మాంసాన్ని మెత్తబరిచే ఆ గుణం రొయ్యని పిండి చేసేస్తుంది.

వెదురు పుల్లలైతే అరగంట నీళ్లలో నానెయ్యాలి, లేకపోతే రొయ్య కంటే ముందు పుల్ల కాలుతుంది. మేం మామ్మలాగే కొబ్బరి ఈనెలు నానేశాం. తల వైపు ఒకసారి, తోక వైపు ఒకసారి గుచ్చితే తిప్పేటప్పుడు గిర్రున తిరిగిపోదు.

నిప్పులు మంట తగ్గి, పైన తెల్లటి బూడిద పొర కట్టాక జాలీ పెట్టాం. జాలీకి నూనె రాసి రొయ్యలు పరిచాను. సుయ్యిమని పెద్ద చప్పుడు.

"టైము చూడనా తాతయ్యా?" అన్నాడు మా అబ్బాయి, ఫోను తీసి.

"చూడు. ఒక్కో వైపు రెండు నిమిషాలు. కానీ టైము కంటే చెవి నమ్ముకో. తడి ఉన్నంతసేపు సుయ్యిమంటుంది. తడి తగ్గాక చిటపట అని సన్నగా వస్తుంది. కూత మారగానే తిప్పెయ్యాలి. రెండోసారి మారగానే తీసెయ్యాలి."

ఆయన కుంపటికి కాస్త ఎడంగా, కళ్లకి పొగ తగలకుండా గాలికి ఎదురు వైపు కుర్చీలో కూర్చుని, తల పక్కకి వాల్చి వింటున్నాడు. నేను చూస్తున్నాను. బూడిదరంగు రొయ్య చూస్తుండగా ఎర్రబడుతోంది. ఆ ఎరుపు కొత్తగా వచ్చేది కాదు, మొదట్నుంచీ దాని ఒంట్లో ఉన్నదే. ఒక మాంసకృత్తు దాన్ని పట్టి ఉంచి బయటికి కనబడనివ్వదు. వేడికి ఆ పట్టు వదులుతుంది, ఎరుపు బయటపడుతుంది. తొమ్మిదో తరగతి పిల్లలు అడిగితే ఇలాగే చెబుతాను.

"తియ్యమ్మా. కూత మారింది" అన్నాడు.

తీశాను. రొయ్య కొడవలిలా వంగి ఉంది. ఇంకా ఉంచితే ఉంగరంలా చుట్టుకుపోతుంది, చుట్టుకుందంటే గట్టిపడినట్టే. నిమ్మచెక్క పిండి, మా అబ్బాయి మొదటి ఈనె తాతయ్య చేతికిచ్చాడు.

"నేను తినను నాన్నా. కాశీలో వదిలేశాను" అన్నాడు.

అమ్మ నవ్వింది. "మీరు వదిలింది పొట్లకాయ కదండీ!"

"పొట్లకాయ మీకు చెప్పడానికి. గంగలో మునిగినప్పుడు అనుకున్నది ఇది."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. కింద రోడ్డు మీద ఆటోల చప్పుడు వినబడుతోంది. నేను రెండో విడత ఈనెలు జాలీ మీద పెట్టి, ఆయన మొహం చూడకుండా అన్నాను.

"నాన్నా, నేనొకటి చెప్పాలి. ఆ ఆదివారం ట్రేలో మేత మిగిలింది. నేను చూశాను. సినిమాకి వెళ్లాలని పుస్తకంలో అబద్ధం రాశాను."

నాన్న వెంటనే జవాబు చెప్పలేదు. వింటున్నాడేమో అనుకున్నాను, రొయ్యల కూత.

"తిప్పు" అన్నాడు. తిప్పాను.

"శుక్రవారమే మిగిలిందమ్మా" అన్నాడు అప్పుడు. "నేనూ చూశాను. పక్క చెరువాయన పట్టేద్దామన్నాడు. పది రోజులు ఆగితే కౌంటు తగ్గుతుంది, మేడా నీ చదువూ రెండూ అయిపోతాయని ఆశపడ్డాను. నువ్వు రాసింది సోమవారం చూశాను. నీకు తెలియలేదులే, మంచిదే అనుకున్నాను. నీ సీటు కార్డు పెట్టెలో ఉందని మీ అమ్మ తర్వాత చెప్పింది. అది నేను తిన్న ఆశ. అందుకని తినేది వదిలేశాను."

ముప్పై ఏళ్లు. నేను నా ఒక్కరోజు లెక్క కట్టుకుంటూ, ఆయన తన రెండు రోజుల లెక్క కట్టుకుంటూ. ఒకే ఇంట్లో, ఒకే పండక్కి, పక్కపక్కన కూర్చుని అన్నం తింటూ.

"ఒక్క వారం ముందు పట్టినా పెద్దగా మిగిలేది కాదు మావయ్యగారూ. ఆ ఏడాది ఎవరికి మిగిలింది?" అన్నారు మావారు మెల్లగా. నాన్న తలూపాడు. ఒప్పుకున్నట్టా కాదా తెలియలేదు.

నేనేదో అనబోయాను. ఏడుస్తానేమోనని భయం వేసింది. ఇంతలో ఆయనే, "అమ్మడూ, మారింది మారింది, తియ్యి. మాడ్చేస్తావు" అన్నాడు. గబగబా తీశాను. పొగ వల్లే కళ్లు తుడుచుకున్నానని అందరూ అనుకున్నారు. లేదా అనుకున్నట్టు ఊరుకున్నారు.

ఆ రోజు ముప్పై నాలుగు రొయ్యలూ అయిపోయాయి. అమ్మ ఆరు తింది. ఆవిడకి ఏ మొక్కూ లేదు. నాన్న తినలేదు కాబట్టి ముప్పై ఏళ్లూ తనూ తినలేదు, అంతే. "కాస్త ఉప్పు చాలలేదే" అంది ఏడోది అందుకుంటూ. తాతయ్య రొయ్య తినలేదు కానీ, అందరం తింటుంటే ఎవరు ఎన్ని తిన్నారో లెక్కపెట్టాడు.

మొక్కు తీసెయ్యమని మేమెవరం అడగలేదు. గంగలో అనుకున్న మాట ఆయనది. నేను పొట్లకాయ పెసరపప్పు కూర మాత్రం వండి పెట్టాను. అది ఆయన కాశీలో వదల్లేదని తెలిసిపోయింది కనక ఇక తప్పించుకునే దారి లేదు.

ఆపరేషన్ బాగా జరిగింది. డాక్టరుగారు బయట తిరగొచ్చన్నాక ఒక పొద్దున్న నాన్న మావారిని వెంటబెట్టుకుని హార్బరుకి వెళ్లాడు. కిలో రొయ్యలు తెచ్చి నా ముందు పెట్టి, నల్ల కళ్లద్దాలు పైకి జరిపి వాటిని దగ్గరగా చూశాడు.

"ఇవి సరిగ్గా ముప్పై కౌంటు. లెక్కపెట్టు" అన్నాడు.

నేను లెక్కపెట్టాను. ఆయన కుంపటి ముట్టించాడు.